అడుగు లేని సంచి

ఊళ్లో ఎవరు ఎదురుపడినా నన్ను అడిగేది ఒకటే: పైనుంచి చూస్తే కింద ఎట్లా కనబడుతుందని. రిటైరై వచ్చిన కొత్తలో ఓపిగ్గా చెప్పేవాణ్ని. ఇప్పుడు "అన్నీ చిన్నగా కనబడతాయి" అని ఒక్క ముక్కలో తేల్చేసి నా దారిన నేను పోతున్నాను. నిజం చెప్పాలంటే నేను కిందికి చూసింది తక్కువ. హెలికాప్టర్ నడిపినన్నాళ్లూ నా చూపంతా గాలి మీదనే ఉండేది. అది కంటికి కనబడదు. కనబడని దాని కోసం వెతికీ వెతికీ కళ్లు అలిసిపోయాయి, దాంతో పెనుగులాడీ పెనుగులాడీ భుజాలు అరిగిపోయాయి. కుడి చేత్తో దువ్వెన పట్టుకుంటే అది తల దాకా లేవదు. ఇంట్లో కిటికీ రెక్క టపటపా కొట్టుకుంటే చాలు, ఇప్పటికీ ఒళ్లు బిగుసుకుపోతుంది. ఇదంతా ఎవరికి చెప్పను? చెప్పినా చాయ్ తాగుతూ వినే సంగతి కాదు.

పోయిన వారం అబ్బా దుకాణం ఖాళీ చేశాం. ఆర్మూర్‌లో మార్కెట్‌కు పోయే దారిలో చిన్న రేకుల దుకాణం మాది. చిరిగిన గోనె సంచులు కొని తెచ్చి, దులిపి, మాట్లు వేసి, పసుపు నింపుకునే వ్యాపారులకు అమ్మడం మా నాన్న పని. మేం ఆయన్ను అబ్బా అనేవాళ్లం. అబ్బా పోయాక మా బావ, బావ పోయాక మా మేనల్లుడు నయీం ఆ దుకాణాన్ని ఇన్నాళ్లూ లాక్కొచ్చారు. ఇప్పుడంతా ప్లాస్టిక్ సంచులు. చిరిగితే పారేస్తారు గానీ మాటు వేయించుకునేవాడు లేడు. దాంట్లో ఫోన్లు బాగుచేసే దుకాణం పెట్టుకుంటానని నయీం అన్నాడు. వద్దనడానికి నా దగ్గర కారణమూ లేదు, ఓపికా లేదు. కుర్చీ వేసుకుని గుమ్మంలో కూర్చున్నాను. పక్కన ఇంకో కుర్చీలో ఆపా కూర్చుంది. ఆపా మా అక్క, నయీం తల్లి. అమ్మీ నా చిన్నప్పుడే పోతే నన్ను సాకింది ఆమే. కళ్లకు పొరలొచ్చి ఇప్పుడు వెలుగూ నీడా తప్ప ఏమీ తెలియదు. అయినా బయటికి పోయే ప్రతి సంచినీ తన చేతికిచ్చి పొమ్మంటుంది. తడిమి చూసి, "ఇది అంకాపూర్ పటేల్ది", "ఇది ఎలుకలు కొట్టింది" అని చెబుతుంది. నిజమో కాదో అడిగేవాళ్లెవరు.

నయీం అటక మీదికెక్కి ఒక పాత కట్టను కిందికి తోశాడు. దుమ్ము లేచింది. కట్ట విడిపోయి అందులోంచి పొడుగాటి నారింజ రంగు గుడ్డ ఒకటి జారిపడింది. ఒక కొసన ఇనుప తీగ చుట్టు, అక్కడ వెడల్పు. పోను పోను సన్నబడి రెండో కొస మూతి తెరుచుకునే ఉంది.

"మామూ, గిదేం సంచి?" అన్నాడు నయీం, దాంట్లో చెయ్యి పెట్టి అటు పక్కన వేళ్లు ఆడిస్తూ. "అడుగే లేదు. పాయిజామా కాలు లెక్క ఉంది."

నేను లేచి నిలబడ్డాను. అది గాలి సంచి. హెలికాప్టర్ దిగే చోట గుంజకు కడతారు, గాలి ఎటు నుంచి వస్తుందో, ఎంత జోరుగా ఉందో చెప్పడానికి. దాన్ని అబ్బా కుట్టాడని కుట్టు చూడగానే తెలిసింది. కానీ అబ్బా నాకు కుట్టిచ్చింది ఒకటే. అది నికోబార్ దీవుల్లో గుంజ మీదనే చీలికలై పోయింది. మరి ఇది ఎక్కడిది?

"ఆపా, ఇదేంది?" అన్నాను.

ఆపా దాన్ని ఒళ్లో వేసుకుని మూతి నుంచి కొస దాకా వేళ్లతో నడిచింది. "ఇంక ఉన్నదా ఇది," అంది. గుడ్డను మడిచి ఒళ్లోనే పెట్టుకుంది. తర్వాత, "కూసో యూసుఫ్. ముందుగాల చాయ్ చెప్పు," అంది.

ఆమె చెప్పింది చెప్పాలంటే ముందు అబ్బా సంగతి చెప్పాలి. పసుపు దిగుబడి రోజుల్లో మా ఊరి వాసన వేరుగా ఉండేది. ఊరి చుట్టూ పసుపు ఉడికే ఆవిరి, కళ్లాల్లో ఎండే కొమ్ముల ఘాటు, దాని మీద మా దుకాణంలోని గోనె దుమ్ము. మేం తినే అన్నంలో, పడుకునే చాపలో, వేసుకునే బనీనులో అదే వాసన. అబ్బా పొద్దున నమాజు చేసుకుని వచ్చి దుకాణంలో కాళ్లు చాపుకుని కూర్చునేవాడు. ఒక చేతిలో దబ్బనం, పళ్ల మధ్య సుతిలి దారం. మాట్లాడాలంటే సుతిలి తీయాలి గనక మాట్లాడేవాడు కాదు. ఆపా ఇంటిపని ముగించుకుని వచ్చి మాట్లకు గుడ్డ కత్తిరించి ఇచ్చేది. మాటు వేసిన ప్రతి సంచిలో అబ్బా మోచేయి దాకా చెయ్యి దూర్చి, అడుగున రెండు మూలల్లో పిడికిలితో గుద్ది చూసేవాడు. కుట్టు ఆగితే బిస్మిల్లా అని ఒక పసుపు కొమ్ము లోపల వేసి, అప్పుడు గిరాకీ చేతికిచ్చేవాడు. ఒట్టి సంచి ఆయన చేతి నుంచి బయటికి పోయేది కాదు. ఆ కొమ్ము నేలరాలితే మళ్లీ కుట్టేవాడు. అడుగు లేని సంచి దుకాణంలో ఉంటే ఇంటి బర్కత్, ఉన్న కలిమి అంతా దాంట్లోంచి కారిపోతుందని ఆయన నమ్మకం. అందుకే చినిగిన సంచులను గుమ్మం వైపు మూతి పెట్టి ఎప్పుడూ ఉంచేవాడు కాదు, గోడ వైపు తిప్పి పెట్టేవాడు. ఇదంతా మేం నవ్వుకునేవాళ్లం గానీ నేనూ ఆపా కూడా తెలియకుండానే అట్లాగే తిప్పి పెట్టేవాళ్లం.

సంచుల దుకాణం కొడుకు హెలికాప్టర్ ఎక్కడం ఊళ్లో పెద్ద ముచ్చట అయింది. ఫౌజ్‌లో చేరి నేర్చుకున్నాను, బయటికొచ్చాక దీవుల మధ్య జనాన్నీ మందులనూ చేరవేసే హెలికాప్టర్ మీద కుదిరాను. ఇంకా పెళ్లి కాలేదు. ఒంట్లో జోరు ఉంది, అది ఎప్పటికీ ఉంటుందనుకున్నాను. దీవుల దగ్గర గాలి మన ఊరి గాలి వంటిది కాదు. సముద్రం మీద అడ్డూ ఆపూ లేకుండా వచ్చి, దీవిలోని గుట్టకు కొట్టుకుని పైకి లేచి, అవతలి పక్క ఒక్కసారిగా కిందికి పడుతుంది. అది పడేచోట మనం ఉంటే మననూ పడేస్తుంది. దిగేటప్పుడు ఎప్పుడూ గాలికి ఎదురుగానే దిగాలి. వెనక నుంచి తోసిందంటే రెక్కలకు పట్టు దొరకదు, హెలికాప్టర్ ఉన్నట్టుండి కిందికి కుంగిపోతుంది. వానాకాలంలో రోజంతా అట్లా తిరిగి దిగితే అన్నం ముద్ద నోటి దాకా పోయేది కాదు. వేళ్లు ఇంకా హెలికాప్టర్ నడిపే కర్ర పట్టుకున్నట్టే ముడుచుకుని ఉండేవి. నిద్రలో కూడా మంచం ఒక పక్కకు ఒరుగుతున్నట్టుండేది. ఆ అలసట అప్పుడు మొదలైందే, ఇప్పటికీ పూర్తిగా దిగలేదనిపిస్తుంది.

అన్నిటికన్నా దూరంగా ఉన్న ఒక చిన్న దీవిలో కొబ్బరి తోట నరికి చదును చేసిన జాగా ఒకటి ఉండేది. అక్కడ అన్నీ చూసుకునేది టిమోతి అనే నికోబారీ మనిషి. నాకన్నా పెద్దవాడు, మాట తక్కువ, నవ్వు ఎక్కువ. నేను దిగితే ఎండు కొబ్బరి కాచే పొగలో కూర్చోబెట్టి నల్ల చాయ్ ఇచ్చేవాడు. ఆ పొగలో కూర్చుంటే పసుపు ఉడికే రోజులు గుర్తొచ్చేవి. అక్కడ గాలి సంచి ఒక్క వానాకాలానికే పీలికలయ్యేది. కొత్తది వచ్చే ఓడలో వస్తుందని ప్రతిసారీ చెప్పేవారు. ఓడ వచ్చేది, అది వచ్చేది కాదు. ఒకసారి సెలవు మీద ఇంటికి వస్తూ నాకు తోచింది: సంచులు కుట్టే ఇంట్లో పుట్టి సంచి కోసం ఓడ దిక్కు చూడడమెందుకని.

అబ్బాకు చెబితే ఆయన ముఖం వెలిగిపోయింది. అంతకు ముందెప్పుడూ నా ఉద్యోగంలో ఆయన చెయ్యి పెట్టే పని ఏదీ లేదు. నారింజ రంగు గట్టి గుడ్డ ఎక్కువే కొన్నాడు. సైకిల్ దుకాణంలో తీగతో చుట్టు చేయించాడు. ఆపా కత్తిరించింది. కొస దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయాడు.

"కొస తెరిచే ఉంచాలె అబ్బా," అన్నాను.

పళ్ల మధ్య నుంచి సుతిలి తీశాడు. "అడుగు లేంది సంచి ఎట్లయితది రా? గాలి కిందికెళ్లి పోతే ఇగ నిండేదెట్ల?"

"నిండుడు గాదు, పారాలె. ఒక దిక్కు నుంచి వచ్చి ఇంకో దిక్కు పోతేనే అది సక్కగ నిలబడ్తది. మూసేస్తే గాలికి తోవ దొరక్క గిరగిర తిరుగుతది."

"సంచి అన్నంక అడుగుండాలె."

"అబ్బా, ఇది సంచి గాదనుకో జర," అంది ఆపా నవ్వుతూ. "గొట్టం అనుకో."

ఆయన తల ఊపాడు. కొస మడిచి అంచు కుట్టాడు, నా కళ్ల ముందే. నేను టికెట్ కోసం బస్టాండుకు పోయి వచ్చేసరికి దాన్ని చక్కగా మడిచి, పాత పేపర్లో చుట్టి, సుతిలితో కట్టి నా సంచిలో పెట్టి ఉంచాడు. నేను విప్పి చూడలేదు. టిమోతి కూడా విప్పి ఏం చూస్తాడు, నేను తెచ్చాను గనక గుంజకు ఎక్కించాడు. నేను అక్కడ ఉన్న పూట గాలి లేదు, అది వేలాడుతూనే ఉంది. కొత్త రంగు ఆకుపచ్చ తోట మధ్య ఎంతో దూరం నుంచి కనబడేది. అబ్బా చేతిపని సముద్రం అవతల గుంజ మీద ఉందని నాకూ గర్వంగానే అనిపించింది.

వానాకాలం అప్పుడే మొదలైంది. ఆ దీవిలో ఒక ఆడమనిషికి ముందు రోజు నుంచీ నొప్పులు, బిడ్డ అడ్డం తిరిగిందని రేడియోలో కబురొచ్చింది. ఆ సముద్రంలోకి పడవ దిగదు. మేం పోకపోతే తల్లీ బిడ్డా ఇద్దరూ దక్కరని దవాఖాన డాక్టరమ్మ చెప్పింది. గాలి హద్దులోనే ఉందని లెక్క చూసుకుని లేచాం, నేనూ, నా పక్కన ఇంకో పైలటూ. దీవి దగ్గరికి పోయేసరికి లెక్క మారిపోయింది. కొబ్బరి చెట్లు అన్ని దిక్కులకూ ఊగుతున్నాయి, వాటిని చూసి ఏమీ తెలియదు. గాలి సంచి కోసం చూశాను. నిండుగా ఉబ్బి, తోట వైపు చూపిస్తూ నిలబడి ఉంది. సముద్రం వైపు నుంచి గాలి అనుకుని తోట వైపు నుంచి సముద్రానికి ఎదురుగా వచ్చాను. నేల దగ్గర పడుతుండగా సంచి ఒక్కసారి గిరుక్కున తిరిగి సముద్రం వైపు పోయింది. అంతలోనే మళ్లీ వెనక్కి, మళ్లీ పైకి. అప్పటికే గాలి నా వెనక ఉంది. హెలికాప్టర్ కాళ్ల కింది నుంచి జారిపోయింది. ఉన్న బలమంతా పెట్టి లేపాను. కొబ్బరి మట్టలు పొట్టకు రాసుకున్న చప్పుడు నాకు వినబడింది.

చుట్టు తిరిగి వస్తుంటే కింద జాగా అంచున మంచం మీద ఆమెను పడుకోబెట్టుకుని జనం నిలబడి ఉన్నారు. అందరి ముఖాలూ పైకే ఉన్నాయి. వెనక్కి పోదామా అని మనసు అడిగింది. పోయినా ఎవరూ తప్పు పట్టరు. అప్పుడు టిమోతి జాగా మధ్యలోకి నడిచి వచ్చాడు. ఒకసారి గాలి సంచి వైపు చూశాడు, ఇక అది పనికిరాదన్నట్టు దానికి వీపు పెట్టాడు. తన చొక్కా విప్పి రెండు చేతులతో తల మీద పట్టుకున్నాడు. చొక్కా ఒక్క దిక్కుకే బిగదీసినట్టు ఎగిరింది. ఆ చొక్కాను నమ్ముకుని దిగాను. రెక్కలు తిరుగుతుండగానే ఆమెను ఎక్కించారు. ఆమె తల్లి కూడా వెంట ఎక్కింది.

వాళ్లు ఆమెను పడుకోబెట్టి కడుతున్న కొద్దిసేపట్లో నేను పక్కవాడికి కర్ర అప్పగించి దిగి గుంజ దగ్గరికి పోయాను. టిమోతి దాన్ని కిందికి లాగి ఉంచాడు. కొస మూసి ఉంది. సుతిలితో రెండు పేటల కుట్టు, చివర అబ్బా వేసే ముడి. ఆ ముడి ఎక్కడున్నా గుర్తుపడతాను. టిమోతి కత్తితో దాన్ని తెంపితే లోపలి నుంచి పసుపు కొమ్ము ఒకటి నా అరచేతిలో పడింది. ఒట్టిగా పంపడానికి ఆయనకు చేతులు రాలేదు. కొమ్ము వేస్తే కింద పడుతుందని అడుగు కుట్టాడు. ఆ గాలిలో అక్కడ నిలబడి నాకు కోపం రావాలి, వచ్చింది కూడా. దాని వెనకే ఏడుపొచ్చింది. టిమోతి ఏమనుకున్నాడో, నా భుజం మీద చెయ్యి వేసి హెలికాప్టర్ వైపు తోశాడు. ఆమె దవాఖానలో ఆడపిల్లను కన్నది. ఇద్దరూ బతికారు. తెరిచిన కొసతో ఆ గాలి సంచి మిగిలిన వానాకాలమంతా చక్కగానే పనిచేసి, చివరికి చీలికలై పోయింది.

తర్వాతి సెలవుకు ఇంటికి వచ్చేటప్పుడు దారంతా డ్యూటీ అంగీ జేబులో ఆ కొమ్మును తడుముకుంటూ, అబ్బాకు ఏం చెప్పాలో కూడబలుక్కుంటూ వచ్చాను. పైలట్లం ఇద్దరం చచ్చేవాళ్లమని చెప్పాలి, ఆ నొప్పులమ్మ కూడా పోయేదని చెప్పాలి. దుకాణం మెట్టు ఎక్కేసరికి అక్కడ ఏర్గట్ల నుంచి వచ్చిన ఇద్దరు రైతులు కూర్చుని ఉన్నారు. అబ్బా వాళ్లకు తన గాలి సంచి కథే చెబుతున్నాడు. నన్ను చూసి సుతిలి తీశాడు.

"ఏం రా, మన సంచి నిలబడ్డదా?" అన్నాడు.

ఆయన వేళ్లు అప్పటికే వంకర పోతున్నాయి. దబ్బనం గుచ్చి గుచ్చి బొటనవేలు చర్మం మొద్దుబారింది. గోరు కింద పసుపు. నేను కూడబలుక్కున్న మాటలన్నీ ఎటో పోయాయి.

"నిలబడ్డది అబ్బా," అన్నాను.

"అచ్ఛా," అన్నాడు, నా ముఖం చూడకుండా దబ్బనంలోకి సుతిలి ఎక్కిస్తూ.

సెలవు అయిపోయి నేను వెళ్లే రోజు ఎప్పుడూ లేనిది అబ్బా బస్టాండు దాకా వచ్చాడు. చంకలో పేపర్లో చుట్టిన మూట ఒకటుంది. దుకాణం సామాను ఏదో అనుకున్నాను. బస్సు కదిలేదాకా కిటికీ దగ్గర నిలబడి, వానలెట్లా ఉన్నాయి, తిండి దొరుకుతుందా అని అడిగిందే అడిగాడు. మూట ఒక చంకలోంచి ఇంకో చంకలోకి మార్చుకున్నాడు. మళ్లీ వానాకాలం రాకముందే అబ్బా పోయాడు. సమాధి మీద మట్టి వేసే వేళకు కూడా నేను అందుకోలేదు. ఆ దీవికి కొత్త సంచి ఓడలోనే వచ్చింది.

ఇదీ నాకు తెలిసిన కథ. చాయ్ వచ్చింది. ఆపా గ్లాసు రెండు చేతులతో పట్టుకుని, తనకు తెలిసింది చెప్పింది.

"నువ్వు వచ్చినప్పుడు నీ బట్టలు నేనే పిండిన. నీ డ్యూటీ అంగీ జేబుల పసుపు కొమ్ము దొరికింది. అబ్బాకు చూపెట్టిన. అది ఆయన సంచిల ఏసిందే అని గుర్తుపట్టిండు. అది బయటికి వచ్చిందంటే అడుగు తెంపినట్టే గద. తెంపాల్సి వచ్చిందంటే ఏమో అయిందని ఆయనకు ఎరకైంది. ఆ రోజు బువ్వ తినలే."

"నాకెందుకు చెప్పలే ఆపా?"

"వద్దన్నడు. వాడు నా మనసు నొవ్వొద్దని నిలబడ్డదని అన్నడు, వాని మాట అట్లనే ఉండనియ్యి అన్నడు. మిగిలిన గుడ్డ తీసి ఇది కుట్టిండు. అడుగు లేకుంట. బిడ్డా, అడుగు లేని సంచి ఆయన జిందగీల ఇదొక్కటే. నీకిద్దామని బస్టాండ్ దాంక పట్కొచ్చిండు. ఇస్తే నువ్వు చెప్పింది ఉత్తదని తనకు తెల్సినట్టు అయితది. చేతుల పట్టుకోని మళ్ల ఇంటికొచ్చిండు. గోడ దిక్కు మూతి పెట్టి అటక మీద ఏసిండు."

గుడ్డ నా చేతికిచ్చింది. "మూతి కాడ చూడు," అంది.

ఇనుప చుట్టు పక్కన గుడ్డ మడతలో చిన్న జేబు లాగా కుట్టి ఉంది. గాలి పారే దారికి అడ్డం రాకుండా, బరువు కొసకు పడకుండా. లోపల తడిమితే గట్టిగా తగిలింది. పసుపు కొమ్ము పురుగు పట్టి సగం పొడి అయింది, మిగతా సగం ఇంకా కొమ్ముగానే ఉంది. ఆయన సంచిని ఒట్టిగా ఉంచలేదు, గాలికీ అడ్డం పెట్టలేదు. రెండూ కుదిరేదాకా కూర్చుని కుట్టాడు. కుట్టి నాకివ్వలేదు. ఇన్నేళ్లూ నేనే ఆయనకు సంగతి తెలియకుండా కాపాడాననుకున్నాను. నా మాట పోకుండా ఆయన కాపాడుతున్నాడని నాకెట్లా తెలుస్తుంది? నా వయసు ఇప్పుడు అబ్బా పోయిననాటి వయసుకన్నా ఎక్కువ. ఆయనతో ఒక పూట కూర్చుని ఈ సంగతి మాట్లాడుకుని నవ్వుకుని ఉంటే ఎంత బాగుండేదనిపించింది.

ఇప్పుడు గాలి ఎటు నుంచి, ఎంత జోరుగా అన్నది నయీం ఫోన్‌లోనే తెలుస్తుంది. పొలాల మీద మందు కొట్టే డ్రోన్ కూడా గాలి ఎక్కువైతే తనే దిగిపోతుందట. మంచిదే. మాలాగా భుజాలు అరగదీసుకునే పని ఎవరికీ ఉండకూడదు. కానీ ఆ డ్రోన్‌కు ఏదైనా కుట్టిపెట్టాలని ఎవరి అబ్బాకైనా అనిపిస్తుందా అని మాత్రం అనుకుంటాను.

కొత్త బోర్డు కోసం నయీం దుకాణం పైన ఇనుప గొట్టం నిలబెట్టి ఉంచాడు. "దీన్ని దానికి కట్టు," అన్నాను. వాడు వింతగా చూసి, నిచ్చెన తెచ్చి కట్టాడు. నా చెయ్యి లేచి ఉంటే నేనే కట్టేవాణ్ని. మిట్టమధ్యాహ్నం, ఆకు కదలడం లేదు. అది చప్పబడి గొట్టానికి అతుక్కుని వేలాడింది. నేనూ ఆపా రోడ్డు మీదికి కుర్చీలు తిప్పుకుని కూర్చున్నాం.

"నిలబడ్డదా?" అంది ఆపా.

"ఇంకా లేదు ఆపా. గాలి లేదు."

"ఉండనియ్యి. వస్తది."

రెండో చాయ్ కూడా వచ్చింది. పసుపు లారీ ఒకటి దుమ్ము లేపుకుంటూ మార్కెట్ వైపు పోయింది. ఎండ కొంచెం తగ్గాక ఊరి గుట్ట వైపు నుంచి మెల్లగా గాలి మొదలైంది. ముందు మూతి తెరుచుకుంది. తర్వాత పొట్ట నిండింది, కొస రెండు సార్లు కొట్టుకుని సర్దుకుంది. గాలి ఇటు నుంచి వచ్చి అటు నుంచి పోతుంటే ఊగకుండా, తిరగకుండా, ఒక్క దిక్కే చూపిస్తూ ఉండిపోయింది. నా ఒళ్లు బిగుసుకోలేదు. గాలిని చూసి ఒళ్లు బిగుసుకోకపోవడం నాకు గుర్తున్నంతలో అదే మొదలు.

ఆపా ముఖం పైకెత్తి ఉంది. ఆమెకు ఏమీ కనబడదు, గుడ్డ చప్పుడు విన్నట్టుంది.

"యూసుఫ్, నిలబడ్డదా?"

"నిలబడ్డది ఆపా," అన్నాను.

ఆపా ఖాళీ గ్లాసు తడుముకుంటూ కింద పెట్టి, "అచ్ఛా," అంది.